తిరిగి రావడానికి కావలసిన కాగితం

యాగంటి బసవన్న మీద ప్రమాణం చేసి మొదలుపెడుతున్నాను. ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఒక్క అక్షరం కల్పించలేదు, ఒక్క అక్షరం దాచలేదు. నన్నెరిగినవాళ్లు ఇప్పటికే నవ్వుకుంటుంటారు. "పెరిగే బసవన్న మీద ఒట్టు పెట్టినాడంటే ఈయప్ప కథ కూడా పెరుగుతాదిలే" అంటారు. అననివ్వండి.

నా పేరు సుబ్బయ్య. నంద్యాలలో, ఆళ్లగడ్డలో 'పాస్‌పోర్టు సుబ్బయ్య' అంటేనే తెలుస్తుంది. డెబ్బైల మొదట్లో ఈ పనిలో దిగి, పదేళ్లకు పైగా అర్జీలు నింపి, టికెట్లు తెప్పించి, మనవాళ్లను సముద్రాలు దాటించాను. నేను మాత్రం బొంబాయి దాటలేదు. అరవై రాకుండానే కొట్టు మూసేశాను. ఎందుకు మూశావని అడిగినవాళ్లకు తలా ఒక కథ చెప్పాను. ఈమధ్య మా బజారులో ఇద్దరు కుర్రవాళ్లు ట్రావెల్స్ బోర్డు పెట్టుకుని, "ఈ పనిలో కిటుకేందో చెప్పన్నా" అని వచ్చారు. ఆ ఇద్దరి కోసం, వాళ్లలాంటివాళ్ల కోసం రాస్తున్నాను. ఎన్ని అర్జీలు నింపానో, ఏ ఆఫీసరు నన్ను మెచ్చుకున్నాడో ఇందులో ఉండదు. సిగ్గుపడ్డ సంగతులే ఎక్కువ ఉంటాయి.

అసలు మా పని

మేము మనుషుల్ని విమానం ఎక్కిస్తామని జనం అనుకునేవారు. విమానం ఎక్కేది వాళ్లే, ఎక్కించేది కంపెనీ. ఒక మనిషి తాను ఫలానా అని సర్కారుకు కాగితాల మీద నిరూపించడమే మా పని. ఇది వినడానికి తేలిక. "నువ్వు పుట్టిన తేదీ ఎప్పుడప్పా?" అంటే, "కుందూ పొంగి మా గొడ్లు కొట్టుకపోయిన ఏడు" అనేవాడికి తేదీ వెతకాలి. నేను పెట్టిన తేదీలకే పుట్టినవాళ్లు శిరివెళ్లలో ఇప్పటికీ ఉన్నారు.

ఫొటోలదీ ఇదే బాధ. ఆళ్లగడ్డ స్టూడియోలో ఒకే ఒక కోటు ఉండేది. నల్లది, ఎడమ జేబు దగ్గర చిన్న చిరుగు. దేశాలు పోయే ప్రతివాడూ అదే తొడుక్కుని ఫొటో దిగేవాడు. ఒకసారి పాస్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా నాలుగు అర్జీలు పక్కపక్కన పరిచి నన్ను పిలిచాడు.

"ఏమయ్యా, మీ తాలూకాకంతా ఒకటే కోటా?"

"లేదు సార్. మావాళ్లంతా ఒకే దర్జీ దగ్గర కుట్టిస్తారు."

"చిరుగు కూడా ఆ దర్జీయే కుడతాడా?"

ఆ వారమే కోటును అడిగి తెచ్చి, చిరుగు మీద రఫ్పు వేయించాను. వేసింది రత్నమ్మ. ఈ రాతలో ఆమె ముఖ్యురాలు కాబట్టి ఇక్కడే చెబుతాను. ఆళ్లగడ్డలో చర్చి వెనక వీధిలో ఆమె ఇల్లు. వసారాలో కుట్టుమిషను. అమ్మానాన్నలు పోతే ఇద్దరు చెల్లెళ్లను ఆ మిషను తొక్కి చదివించింది. తను పెళ్లి చేసుకోలేదు. నడిపామె సుశీలమ్మ క్రైస్తవ మిషనరీల బడిలో టీచరు, భర్త పోయాక అక్క దగ్గరే ఉండేది. చిన్నామె కమల, పెళ్లయి దూరదేశం వెళ్లింది.

శుక్రవారం శుక్రవారం నేను నంద్యాల నుంచి సంచీ వేసుకుని ఆళ్లగడ్డ వచ్చి, రత్నమ్మ వసారాలోనే కూర్చునేవాణ్ణి. నీడ కోసమని చెప్పేవాణ్ణి. నిజానికి ఆమె నా కథలు వినేది, అందుకోసం.

మౌలా సాబు నేర్పింది

నాకు పని నేర్పింది నంద్యాలలో మౌలా సాబు. హజ్‌కు పోయేవాళ్ల కాగితాలతో మొదలుపెట్టి, తర్వాత గల్ఫ్ అర్జీలు చూసేవాడు. తక్కువ మాట్లాడేవాడు. నన్ను పనిలో పెట్టుకున్న మొదటి వారమే అన్నాడు: "రే సుబ్బా, నీ నోరు పాస్‌పోర్టు లేకుండానే అన్ని దేశాలూ తిరుగుతాండాది. జర పైలం."

ఆ రోజుల్లో పాస్‌పోర్టులో ఏ దేశాలకు పోవచ్చో పేరుపేరునా రాసి ముద్ర వేసేవారు. రాయని దేశానికి పోవడానికి లేదు. మిడుతూరు నుంచి మద్దిలేటి అని ఇళ్లు కట్టే బేల్దారి ఒకడు వచ్చాడు. అతని పాస్‌పోర్టులో కువైట్ అని ఉంది. పని దొరికింది మస్కట్‌లో. "ఇబ్బంది అయితాదేమో అన్నా" అని అడిగాడు. మౌలా సాబు ఆ పూట నమాజుకు వెళ్లాడు. నేను పెద్దమనిషిలా కుర్చీలో వెనక్కి వాలి, "అంతా అరబ్బులే లేప్పా, పక్కపక్క ఇండ్లు. నేను మాట్లాడతా" అన్నాను. ఎవరితో మాట్లాడతానో నాకే తెలియదు. మద్దిలేటి బొంబాయి దాకా పోయి, విమానం దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు. ఆ పని ఇంకొకడికి పోయింది.

సంగతి తెలిసిన రోజు మౌలా సాబు నన్ను తిట్టలేదు. కొట్టు మూసి, నన్ను వెంటబెట్టుకుని మిడుతూరు బస్సెక్కాడు. మద్దిలేటి ఇంటి ముందు చెప్పులు విడిచి, వాకిట్లో ఎండలో నిలబడి అన్నాడు: "తప్పు నీది కాదు, సర్కారుది కాదు. మా అంగడిది. ఏమంటావో అను."

మద్దిలేటి భార్య చాలా అంది. ఆయన తల వంచుకుని మొత్తం విన్నాడు. తిరుగు బస్సులో నేను, "మీరెందుకు పడినారు సాబ్, చెప్పింది నేను కదా" అంటే, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"తెలవకుంటే తెలవదని చెప్పు. 'కనుక్కొని చెప్తా' అను. రెండు మాటలే. నోరేం అరగదు. అయినా తప్పు చేస్తావ్, మనిషివి కదా. చేస్తే వాళ్ల వాకిలికి పోయి నిలబడు. ఈ పనిలో ఇంకేం లేదు రా."

ఆయన పోయాక కొట్టు నాదయింది. ఆ రెండు మాటలను అట్ట మీద రాయించి నా కుర్చీ వెనక గోడకు తగిలించాను. కుర్చీ వెనక తగిలిస్తే వచ్చినవాళ్లకు కనబడుతుంది, నాకు కనబడదు. అప్పుడు ఆ సంగతి తోచలేదు.

ట్రినిడాడు పీత

కమల భర్త లెక్కల మేష్టరు. ట్రినిడాడు అనే దీవిలో ఒక బడిలో ఉద్యోగం. అమెరికాకు దిగువన, కరీబియన్ సముద్రంలో ఉంటుంది. మా తాలూకాలో ఆ పేరు విన్నవాళ్లే తక్కువ. మొదటిసారి కమల ఉత్తరం వచ్చినప్పుడు రత్నమ్మ కవరు మీద స్టాంపు చూపించి, "ఇది యాడ ఉండాది సుబ్బయ్యా?" అని అడిగింది.

తెలియదనడానికి నాకు నోరు రాలేదు. "తెలీకేం, నేను పోయొచ్చినా కదా" అన్నాను.

"నువ్వా? ఎప్పుడు పోతివి?"

"మౌలా సాబు ఉన్నప్పుడు. ఓడలో. ఆడ పీతలు ఉంటాయి రత్నమ్మా, ఒక్కొక్కటి మన ఎద్దుల బండి చక్రమంత. నేను గట్టున పడుకుంటే ఒకటొచ్చి నా చెప్పు ఎత్తుకపోయింది. మూడోనాడు తెచ్చి ఇచ్చింది."

"ఎందుకు తెచ్చిచ్చింది?"

"దాని కాలికి సరిపోలేదు."

రత్నమ్మ మిషను ఆపి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం పీత సంగతి అడిగేది. అది వారానికొకింత పెరిగేది. "నువ్వు చూసింది శిరివెళ్ల దాకానే, నాకు తెలుసులే" అనేది, మళ్లీ చెప్పమనేది. ఆమె నమ్మి వినలేదు, ఇష్టపడి వినింది. సుశీలమ్మ మాత్రం నమ్మింది. బడిపిల్లల కాపీల్లో ఒక్క తప్పు కూడా వదలకుండా ఎర్ర ఇంకుతో దిద్దే మనిషి, నా మాట కింద ఒక్క గీత కూడా గీయలేదు. పాస్‌పోర్టులు చేసేవాడు కదా, పోయే ఉంటాడులే అనుకుంది.

మూడుసార్లు అడిగింది

ఎనభైల మొదట్లో రత్నమ్మకు కడుపులో పుండని తేలింది. కర్నూలు పెద్దాసుపత్రిలో కోసి చూసి, మళ్లీ కుట్టి పంపేశారు. అదే ఏడు కమలకు ఆడపిల్ల పుట్టింది. పాలు తాగే పిల్లతో ఆమె రాలేదు, రత్నమ్మ పోలేదు. సుశీలమ్మ వేసవి సెలవుల్లో పోయి వచ్చేటట్టు తీర్మానం చేసుకున్నారు. గల్ఫ్ వాళ్లలాగా క్యాసెట్లో గొంతులు పట్టి తీసుకురావాలి. రత్నమ్మకు కావలసింది అదొక్కటే.

"చిన్నదాని గొంతు విని ఆరేండ్లయింది. దాని బిడ్డ ఏడుపు కూడా వినాల. విన్నంక ఏమన్నా కానీలే," అంది నాతో, బిడ్డకు గౌనులు కుడుతూ. నాలుగు గౌనులు కుట్టింది. అయిదోది చేయి ఒకటి కుట్టకుండా ఆగిపోయింది.

కాగితాలు నేనే చేశాను. ఈ ఒక్క విషయంలో నన్ను నేను పొగుడుకోవచ్చు, బాగా చేశాను. పాస్‌పోర్టులో ట్రినిడాడు పేరు రాయించాను. చుట్టపుచూపుకు కొన్నాళ్లు పోయేవాళ్లను ఆ దీవివాళ్లు వీసా అడగరని, తిరుగు టికెట్టు మాత్రం తప్పక చూపాలని, ఎవరింట్లో ఉంటారో, ఎవరు పోషిస్తారో ఉత్తరం ఉండాలని మద్రాసు ఏజెంటుకు రాసి కనుక్కున్నాను. కమల దగ్గర నుంచి ఆ ఉత్తరం తెప్పించాను. లండనులో విమానం మారేటప్పుడు ఎవరిని ఏమడగాలో ఇంగ్లీషులో టైపు కొట్టి ఇచ్చాను. 'దీవిలోకి పోవడానికి కావలసినవి' అని జాబితా రాసి, ఒక్కొక్కటి చేరగానే టిక్కు పెట్టుకున్నాను.

ప్రయాణం ఇంకా మూడు వారాలుందనగా సుశీలమ్మ కమల ఉత్తరం పట్టుకుని నంద్యాల వచ్చింది.

"అన్నా, ఆడ పసుపు జ్వరమని ఒకటి వచ్చి పోయిందంట. దోమలతో వస్తాదంట. దానికి సూది ఉందేమో కనుక్కోమని రాసింది కమల. వేయించుకోవాల్నా?"

అది నేను ఎప్పుడూ వినని పేరు. గోడ మీద రెండు మాటలు నా వీపు వెనకే ఉన్నాయి. కానీ ఓడలో పోయి వచ్చినవాడు, పీత దగ్గర చెప్పు తెచ్చుకున్నవాడు, ఇప్పుడు 'కనుక్కొని చెప్తా' అని ఎట్లా అంటాడు?

"అట్లాంటిదేం లేదు టీచరమ్మా. నేను అన్నాళ్లున్నా, ఒక్క దోమ కూడా కుట్టలేదు. సముద్రపు గాలికి దోమ నిలవదు."

రెండోసారి శుక్రవారం వసారాలో అడిగింది. రత్నమ్మ మంచం మీద నుంచి, "దోమల్ని కూడా పీతలు తినేసింటాయిలే" అంది. నేను నవ్వాను. సుశీలమ్మ నవ్వలేదు.

మూడోసారి ప్రయాణానికి పన్నెండు రోజుల ముందు వచ్చింది.

"అన్నా, ఒట్టి మాటైతే మర్చిపోతాం. రాసియ్యి."

రాసిచ్చాను. నా కొట్టు పేరున్న కాగితం మీద, ట్రినిడాడు పోయేవారికి పసుపు జ్వరం సూది అవసరం లేదని ఇంగ్లీషులో టైపు కొట్టి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేశాను. ఆమె దాన్ని మడిచి పాస్‌పోర్టులో పెట్టుకుంది. అప్పటికీ సమయం ఉంది. ఆ సూది మద్రాసులో వేస్తారు. వేసిన పదో రోజు నుంచి కాగితం చెల్లుతుంది. ఒక్క ట్రంకు కాల్ చేసి ఉంటే ఇదంతా నాకు ఆ సాయంత్రమే తెలిసేది.

బొంబాయిలో

ఆమె సుఖంగా పోయింది. దీవిలో దిగితే పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, కమల ఉత్తరం చూసి నవ్వుతూ పంపించారట. నేను రాసింది అంతవరకు నిజమే, మన దేశం నుంచి పోయేవాళ్లను ఆ దీవివాళ్లు ఆ సూది అడగరు. అడిగేది మనవాళ్లు. ఆ జ్వరం ఉన్న చోటు నుంచి తిరిగి వచ్చేవాళ్లను మన సర్కారు అడుగుతుంది. కాగితం లేకపోతే, ఆ చోటు వదిలిన నాటి నుంచి ఆరు రోజులు నిండేదాకా విమానాశ్రయం దగ్గరే ఆపి ఉంచుతారు. ఆ జ్వరం మన దేశంలో లేదు, దోమలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. ఒక్క మనిషితో వస్తే చాలు, అందుకని.

నేను రాసుకున్న జాబితా పోవడానికి ఏం కావాలో చెప్పింది. రావడానికి ఏం కావాలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. కుర్రవాళ్లారా, ఈ రాతలో మీకు పనికొచ్చే ముక్క ఇదొక్కటే: మనిషిని పంపేటప్పుడు అతను తిరిగి వచ్చే తలుపు దగ్గర ఏమడుగుతారో ముందు కనుక్కోండి.

నా కొట్టుకు తంతి వచ్చింది: 'సూది కాగితం లేదని ఆపినారు. అక్క ఎట్లుంది? ఏం చేయాలో చెప్పు.' ఆరోగ్య అధికారి అడిగితే ఆమె నా కాగితం తీసి ఇచ్చిందట. ఆయన చదివి, "ఈయన ఏ ఊరి డాక్టరమ్మా?" అన్నాడట.

బొంబాయికి ట్రంకు కాల్ బుక్ చేశాను. లైను కలిసేసరికి పూట గడిచింది. అవతలివాడు, "ఆరు రోజులంటే ఆరు రోజులే" అని పెట్టేశాడు. ఇంకా నాలుగు రోజులుంది. నేను ఆళ్లగడ్డ బస్సెక్కాను.

మధ్యాహ్నం. రత్నమ్మను వసారాలోనే పడుకోబెట్టారు, గాలికి. పక్కింటి ఎస్తేరమ్మ విసురుతోంది. పక్కనే స్టూలు మీద, అరువు తెచ్చిన టేప్‌రికార్డరు మీద తుండుగుడ్డ కప్పి ఉంది.

"సుశి వచ్చిందా?" అంది రత్నమ్మ. గొంతు దారంలా ఉంది.

నిజం చెప్పడానికి అదే సమయం. నేనేమన్నానో వినండి. "వచ్చేస్తాంది. బొంబాయిలో విమానం దిగింది కానీ, రెక్క కింద పీత ఒకటి పట్టుకొని వచ్చిందంట. దాన్ని దింపడానికి నలభై మంది లాగుతాండారు."

ఆమె పెదవులు కదిలాయి. నవ్వే అది. "ఇంకా పెరిగిందా నీ పీత?"

"పెరిగింది."

కొంచెం సేపు కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచి, నన్నే చూసి అడిగింది: "సుబ్బయ్యా, ఒక్కటి నిజం చెప్పప్పా. నేను వింటానా, వినలేనా?"

"వింటావు. ఎల్లుండి పొద్దునకంతా వస్తాది" అన్నాను.

ఆ ఎల్లుండి పొద్దున రత్నమ్మ పోయింది. ఎండాకాలం, శవాన్ని ఉంచలేమన్నారు. సాయంత్రం సమాధి చేశారు. సుశీలమ్మ ఇంకో మూడు రోజులకు వచ్చింది. స్టూలు మీద టేప్‌రికార్డరు అట్లాగే ఉంది.

వాకిట్లో నిలబడ్డాను

వారం ఆగి ఆళ్లగడ్డ వెళ్లాను. మౌలా సాబు నేర్పినట్టే చెప్పులు బయట విడిచి, వాకిట్లో ఎండలో నిలబడ్డాను. "టీచరమ్మా, తప్పు నీది కాదు, సర్కారుది కాదు. నాది. నేను ఆ దీవి చూడలేదు. నాకేం తెలియదు. తెలియదని చెప్పలేక రాసిచ్చినా" అన్నాను.

సుశీలమ్మ లోపలికి పోయి నా కాగితం తెచ్చింది. వీధివాళ్లంతా గుమిగూడారు. నా కళ్ల ముందే దాన్ని నాలుగు ముక్కలు చేసి మొహాన కొట్టింది.

"నీ నోటికి మా అక్కను బలి ఇస్తివి కదరా! నా గడప తొక్కొద్దు, పో!"

ఎస్తేరమ్మ దుమ్ము ఎత్తిపోసింది. చెప్పులు అక్కడే వదిలి, వట్టి కాళ్లతో శిరివెళ్ల దాకా ఆ ఎండలో తారు రోడ్డు మీద నడిచాను. బొబ్బలెక్కిన కాళ్లతో బస్సెక్కితే నన్ను చూసి కండక్టరు టికెట్టు కూడా అడగలేదు.

ఒట్టు సంగతి

ఆ పై ముక్క అబద్ధం. బసవన్న నన్ను క్షమించాలి. మిగతాదంతా జరిగినట్టే రాశాను. ఈ ఒక్క చోట చేయి దానంతట అదే పాత దారి పట్టింది. ఆ కాళ్ల బొబ్బలు నాకు చాలా ఇష్టమైన కల్పన. ఎన్నో ఏళ్లుగా లోలోపల చెప్పుకుంటూ మెరుగు పెట్టుకున్నాను. తిట్టించుకుని ఉంటే ఎంత బాగుండేదో అని.

వెళ్లిన మాట నిజం. చెప్పులు విడిచిన మాట నిజం. వాకిట్లో నిలబడేలోపే సుశీలమ్మ చూసి, "ఎండలో ఎందుకన్నా, లోపలికి రా" అని కుర్చీ వేసింది. టీ ఇచ్చింది. నేను నోరు తెరిచి, "టీచరమ్మా, ఆ సూది కాగితం..." అన్నాను.

"వాళ్లు రూలు మార్చినారంట కదన్నా?" అంది. "లేకుంటే నువ్వెందుకు రాసిస్తావ్? నువ్వు పోయొచ్చినోడివి కదా. నీ కాలంలో లేకపోయుంటాది."

నేను నోరు తెరిచింది నిజం చెప్పడానికే. బయటికి వచ్చింది మాత్రం ఇది: "అవును టీచరమ్మా. రాత్రికి రాత్రి మార్చినారు. నేను ట్రంకు కాల్ చేసి ఆ ఆఫీసర్‌ను కడిగి పారేసినా."

"నువ్వేం చేస్తావ్ పాపం," అంది. బీరువాలోంచి నా కాగితం తెచ్చి చూపించింది. మడత చెదరలేదు. "వాళ్లు తీసుకుంటామంటే నేను ఇయ్యలే. ఇది మా ఊరి మంచి మనిషి రాసిచ్చినాడు, మళ్లా కావాలంటి."

తర్వాత క్యాసెట్టు పెట్టింది. అక్క మంచం ఉన్న చోటే స్టూలు లాక్కుని, "నువ్వన్నా విను అన్నా" అంది. కమల గొంతు రత్నమ్మ గొంతులాగే ఉంది. బిడ్డ ఏడ్చింది, ఊ కొట్టింది. కమల అక్కను ఏమేమో అడిగింది, జవాబు కోసం కొంచెం కొంచెం ఆగింది. చివర్న అంది: "అక్కా, మన వసారాలో కూర్చుంటాడే పాస్‌పోర్టన్న, ఆయనకు దండాలని చెప్పు. ఆయన లేకుంటే సుశక్క యాడొస్తాది ఇంత దూరం?"

టీ గ్లాసు పట్టుకుని అంతా విన్నాను. దండాలు పుచ్చుకున్నాను. లేచి వచ్చేశాను. చెప్పులు తొడుక్కునే వచ్చాను.

తర్వాత ఏడాదిలోపే కొట్టు మూశాను. ప్రతి క్రిస్మస్‌కు సుశీలమ్మ ఆళ్లగడ్డ బస్సు కండక్టరు చేత కజ్జికాయల డబ్బా పంపుతుంది. ప్రతి ఏడూ తింటున్నాను.

ఈ రాత అచ్చుకు పోకముందే చేతిప్రతి ఆమెకు పంపుతున్నాను. మౌలా సాబు వాకిలి దాకా పొమ్మన్నాడు. నేను పోతే మళ్లీ నా నోరు ముందు నడుస్తుంది, అందుకని కాగితం పంపుతున్నాను.

టీచరమ్మా, ఆ రూలు రాత్రికి రాత్రి మారలేదు. ముందు నుంచీ ఉంది. నేను ఆ దీవికి పోలేదు. నువ్వు మూడుసార్లు అడిగినావు. నేను కనుక్కోలేదు.